అవ్వకు నేను చదివి చెప్పిన బోర్డు

మా చిన్నప్పుడు... నెలకోసారి అవ్వను తీసుకుని పాలమూరు దవాఖానకు పోయేవాళ్ళం. అవ్వ అంటే మా నాయిన తల్లి. నాయిన గొర్రెల వెంట పోయేవాడు కాబట్టి అమ్మ, అవ్వ, నేను. తెలంగాణ వచ్చిన కొత్తలో... నేను నాలుగో తరగతి.

అవ్వకు ఆయాసం. కాళ్ళు ఉబ్బేవి. పొద్దున రక్తం ఇస్తే రిపోర్టు కాగితం మధ్యాహ్నం మూడింటికి వచ్చేది. దవాఖాన వరండాలో నిలబడటానికే జాగా ఉండదు. అందుకని ఆ గంటలన్నీ బజారులోనే గడిపేవాళ్ళం. ఇంటికి సామాను కొనడం అమ్మ పని, అవ్వతో కూర్చోవడం నా పని...

ఊరికే కూర్చునే జాగా వెతకడంలో అవ్వను మించినవాళ్ళు లేరు. ఏ దుకాణం ఏ రోజు మూసి ఉంటుందో, దాని మెట్ల మీదికి నీడ ఎప్పుడు వస్తుందో ఆమెకు తెలుసు. అన్నిటికన్నా ఇష్టమైంది చెప్పుల దుకాణంలో స్టూలు. చెప్పులు తొడిగి చూసేవాళ్ళను ఎవరూ లేవమనరు కదా... ఆ ఉబ్బిన పాదాలకు ఏ జోడూ పట్టదు. "ఇరుకైతాంది, ఇంకోటి తియ్యి" అంటూ అరగంట కూర్చునేది.

"అవ్వా, పోయిన నెల గూడ గిదే జోడు తొడిగి సూస్తివి గద!" అన్నాడొకసారి దుకాణం ఆయన.

"జోడు గదే బిడ్డా... కాలే మారింది" అంది అవ్వ.

ఆయన నవ్వి, స్టూలు ఫ్యాను కిందికి జరిపాడు.

మా ఇంట్లో అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. బజారులో కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదివేదాన్ని... బస్సుల మీద ఊర్ల పేర్లు, మందుల షాపులు, గోడల మీద రాతలు. అవ్వ పక్కవాళ్ళను పిలిచి మరీ చెప్పేది, "మా పిల్ల సదువుతాంది, ఇనుండ్రి!"

ఒక నెల పోయేసరికి చెప్పుల దుకాణం లేదు. దాని జాగాలో పెద్ద బట్టల షాపు... అద్దాల తలుపులు, నున్నటి రాతి మెట్లు. అవ్వ అప్పటికే అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. అమ్మ ఆమెను కింది మెట్టు మీద ఓ పక్కగా కూర్చోబెట్టింది.

"అత్తా, నేను పోయి కాయిదం తెస్త. నేనొచ్చేదాంక లేవకు. పిల్లా, అవ్వను లేవనియ్యకు."

మెట్టు చల్లగా ఉంది. అవ్వ ఊపిరి కాస్త నెమ్మదించింది. ఎవరూ ఏమీ అనలేదు. వాచ్‌మన్ కూడా చూసీ చూడనట్టు అటు తిరిగి నిలబడ్డాడు...

తలుపు పక్కన బోర్డు ఒకటి ఉంది. "గా బోర్డు మీద ఏం రాసిండ్రు బిడ్డా?" అని అడిగింది అవ్వ.

నేను లేచి నిలబడి, బళ్ళో పాఠం చదివినట్టు గట్టిగా చదివాను... "మెట్లపై కూర్చోరాదు."

అవ్వ ముఖం చిన్నబోయింది. గోడ పట్టుకుని లేచింది. కూర్చున్న చోటును కొంగుతో తుడిచింది.

"ఎవలేమన్లే గదా అవ్వా... కూసో."

"తెల్వక కూసున్న. నువ్వు సదివి చెప్పినంక గూడ ఎట్ల కూసోను? సదువుకు ఇజ్జత్ ఇయ్యొద్దా? పా, ఇంకో జాగా సూద్దాం."

ఆ రోజు ఇంకో జాగా లేదు. మూసి ఉండే దుకాణం తెరిచి ఉంది. దారి పొడుగునా బండ్లు. జ్యూస్ బండి దగ్గర స్టూళ్ళు తాగేవాళ్ళకే. అవ్వ కరెంటు స్తంభం పట్టుకుని నిలబడింది... నా భుజం మీద ఆమె చెయ్యి బరువెక్కుతూ బరువెక్కుతూ జారిపోయింది.

అమ్మ కాగితం పట్టుకుని ఉరికొచ్చింది. "నడిపియ్యొద్దన్నడు డాక్టరు... ఎందుకు లేసిండ్రే?"

"అవ్వనే లేసింది" అన్నాను.

దవాఖానలో ఆమెకు మంచం దొరికింది. మూడో రోజు ఆ మంచం మీదే పోయింది.

రోగం ముదిరిందని అన్నారు అందరూ. కావచ్చు... బోర్డు సంగతి మాత్రం అమ్మకు ఇప్పటికీ తెలియదు. అమ్మ ఇది చదవలేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ఇప్పుడు నేను పిల్లలకు అక్షరాలు నేర్పుతున్నాను. మొన్న అటు పోయాను. ఆ బోర్డు తీసేశారు... మెట్ల అంచున వరసగా ఇనుప ముళ్ళు బిగించారు. అవి అర్థం కావడానికి చదువు రానక్కర్లేదు.

అమ్మకిప్పుడు మోకాళ్ళ నొప్పులు. వచ్చే వారం దవాఖానకు తీసుకుపోవాలి. పాలమూరు బజారులో ఏమీ కొనకుండా కాసేపు కూర్చోగలిగే జాగా మీకెవరికైనా తెలిస్తే చెప్పండి...

అక్కడ ఏ బోర్డున్నా, ఈసారి మనసులోనే చదువుకుంటాను.