పదకొండో క్రేఫిష్

ఈ పొద్దున గరాజ్‌లో పాత ప్లాస్టిక్ డబ్బా మూత తీయగానే ఎండు సావిడాయ చేపల వాసన గుప్పుమంది. నిరుడు వేసవి అయిపోయాక నేను పారేయడం మర్చిపోయిన నాలుగు ముక్కలు అందులో ఉన్నాయి. మా ఆయన ముక్కు మూసుకుని ఇంట్లోకి పారిపోయాడు. నేను మాత్రం ఇంకోసారి పీల్చాను. ఆ వాసన వస్తే చాలు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టుతో, ఫాక్స్ నది ఒడ్డున తాడు పట్టుకుని నిలబడ్డ కస్తూరి గారు కళ్ళ ముందుకొస్తారు. క్రేఫిష్‌కి ఎరగా ఇక్కడివాళ్ళు కోడి మెడలో, సాసేజ్ ముక్కలో పెడతారు. ఆవిడ ఇండియన్ స్టోర్‌లో ఎండుచేపలు కొనేవారు. ఎర వెయ్యడానికి కొంటున్నారో, పప్పులో నంజుకోవడానికి కొంటున్నారో స్టోర్ వాళ్ళకి చివరిదాకా తెలియలేదు. రెండూ నిజమే.

కస్తూరి గారు అమెరికాలోని ఈ అరోరాలో నా మొదటి మేనేజర్. కైకలూరు దగ్గర పుట్టి, ముప్ఫై ఏళ్ళ కిందట ఇక్కడికొచ్చి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో తలపండిన మనిషి. నేను కరీంనగర్ దాన్ని. నాకు చేపంటే మార్కెట్‌లో కోసిచ్చేది, నదంటే బస్సు కిటికీలోంచి చిల్లర విసిరి దణ్ణం పెట్టుకునేది. ఉద్యోగంలో చేరిన రెండో వారమే ఆవిడ నా డెస్క్ దగ్గరికొచ్చి, ఆదివారం ఖాళీయేనా, పాత బూట్లున్నాయా అని అడిగారు. మేనేజర్ అడిగితే హెచ్-1బీ వీసా మీదున్నదాన్ని ఖాళీ లేదంటానా? వెళ్ళాను.

ముందురోజు సాయంత్రం వేసిన వైరు బుట్టల్ని ఆవిడ ఒక్కొక్కటే పైకి లాగుతున్నారు. తమ ఊళ్ళో వెదురుతో అల్లే మావులు ఇలాగే ఉంటాయని, చేప లోపలికి రావడానికి దారి ఉంటుంది గానీ పోవడానికి ఉండదని చెప్పారు. బుట్టలో కదులుతున్నవి రొయ్యకీ పీతకీ మధ్య ఎక్కడో ఆగిపోయినట్టున్నాయి. ఆవిడ ఒకదాన్ని నడుం దగ్గర పట్టుకుని నా ముఖానికి దగ్గరగా తెచ్చారు.

"చూడమ్మాయ్, ఈ పక్కనొకటి, ఆ పక్కనొకటి మచ్చ. తుప్పు చేత్తో ఎవరో పట్టుకున్నట్టు లేదూ? ఇది ఈ నదిది కాదు, ఎక్కడినుంచో వచ్చి పడింది. మచ్చ ఉంటే కుండలోకి, లేకపోతే నీళ్ళలోకి."

నేను కూడా అలాగే పట్టుకోబోయాను. అది కత్తెర లాంటి గోటితో నా బొటనవేలు పట్టుకుంది. నేను ఆ ఒడ్డునంతా గంతులేస్తుంటే కస్తూరి గారు నవ్వలేక రాయి మీద కూలబడ్డారు. తర్వాత క్యాంపు స్టవ్ వెలిగించి, అక్కడే మరిగే నీళ్ళలో అన్నింటినీ వేశారు. ప్రాణంతో ఒక్కటి కూడా ఒడ్డు దాటకూడదనేది ఆవిడ నియమం. ఒక్కొక్కరికి ఒక్కో పట్టింపు ఉంటుంది, ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో గోంగూరతో వండిన క్రేఫిష్ తిన్నాక, ఆవిడ ఏ నియమం పెట్టినా పాటించేంత భక్తి కలిగింది నాకు.

ఆవిడకి ఆఫీసులో ఇంకో అలవాటుండేది. సోమవారం టీమ్ మీటింగ్ మొదలవగానే, ముందువారం తాను చేసిన తప్పేమిటో చెప్పేవారు. ఒకసారి తప్పు ఫైల్ పంపడం, ఒకసారి ఎవరి మీదో అనవసరంగా విసుక్కోవడం. తర్వాత ఎవరైనా చెప్పుకోవచ్చు, చెప్పకపోయినా అడిగేవారు కాదు. మొదట్లో నాకు అదంతా వింతగా ఉండేది. నేను చదువుకున్న చోట తప్పు చేసినవాళ్ళు చెప్పుకునేవారు కాదు, పట్టుబడేవారు.

మరుసటేడు జూన్‌లో ఆవిడ కూతుర్ని చూడటానికి ఫ్రీమాంట్ వెళ్తూ, శనివారం పొద్దున బుట్టలు తీసే పని నాకప్పగించారు. తీశాను. పదకొండు పడ్డాయి, అన్నింటికీ మచ్చలే. స్టవ్ వెలిగించబోతుంటే అప్పుడు గుర్తొచ్చింది, ఆరోజు శనివారమని. మా ఇంట్లో శనివారం నీచు ముట్టుకోము. తినడం మాట అటుంచి, అసలు కుండ పొయ్యి మీద పెట్టడానికే చేతులు రాలేదు. ఒక్కరోజేగా అని, తడి గోనె కప్పిన బకెట్‌లో ఇంటికి పట్టుకెళ్ళి బాత్‌టబ్‌లో వదిలాను. ఆదివారం పొద్దున ఇగురు పెడదామని నా పథకం.

మా మిన్నుకి అప్పుడు ఆరేళ్ళు. గంటలో పదకొండింటికీ పేర్లు పెట్టేసింది. మర్నాడు అవి కూరైపోతాయని తెలిసి ఏడుపందుకుంది. ఆ సాయంత్రం నేను కూరగాయలకి వెళ్ళొచ్చేసరికి బాత్‌టబ్ ఖాళీ. తండ్రీకూతుళ్ళిద్దరూ దేదీప్యమానంగా వెలిగిపోతూ సోఫాలో కూర్చున్నారు.

"శనివారం పూట ఇంట్ల ప్రాణం తీసుడెందుకు, పుణ్యం వస్తదని వెనక చెరువుల విడిచినం," అన్నాడు మా ఆయన.

"అన్నిటికీ బై చెప్పిన, మమ్మీ," అంది మిన్ను.

పోతే పోయాయిలే అనుకున్నాను. సోమవారం కస్తూరి గారు వచ్చి కూర ఎలా కుదిరిందని అడిగితే, బాగా కుదిరిందని చెప్పేశాను. ఆవిడ సంతోషపడి, మీ టౌన్‌హోమ్‌ల వెనకున్న చెరువులో, దాని కిందున్న వాగులో ఈ నేల మీద పుట్టిన క్రేఫిష్‌లు ఇంకా మిగిలున్నాయి, తుప్పుమచ్చలవి అక్కడిదాకా రాలేదు, అదొక్కటే నాకు ఊరట అన్నారు. నిజం ఒక రాత్రి, ఒక పగలు దాచాను. మంగళవారం సాయంత్రం పార్కింగ్ లాట్‌లో ఆవిడ కారుకి అడ్డం నిలబడ్డాను.

"నేను అబద్ధం చెప్పినండీ. మేం తినలే. ఆ చెరువులనే విడిచినం," అన్నాను. చెప్తుంటేనే ఏడుపొచ్చింది.

ఆవిడ తిట్టలేదు. ఎన్ని, ఎక్కడ, వాగులోకి నీళ్ళు ఏ పక్కనుంచి పోతాయి అని అడిగారు. ఈ నదిలోకి అవి వచ్చింది కూడా ఇలాగేనట. చేపలు పట్టేవాళ్ళు ఎరగా తెచ్చి, మిగిలినవి నీళ్ళలో వదిలేసి పోయారు. కడుపులో బీజం దాచుకున్న ఆడది ఒక్కటి చాలట, ఒక చెరువు మొత్తం దానిదైపోతుంది. అంతా చెప్పి, ప్రభుత్వ చేపల శాఖకి ఫోన్ చెయ్యమన్నారు.

గ్రీన్ కార్డ్ ఫైల్ చేసి ఏడాదే అయింది. గవర్నమెంట్ రికార్డులో నా పేరు ఇలా ఎక్కితే ఏమవుతుందో అని భయం. ఆ మాటే చెప్పాను.

"వాళ్ళు కనిపెట్టి నీ దగ్గరికొస్తే అది నేరం. నువ్వే ముందు చెప్తే అది సమాచారం," అన్నారు కస్తూరి గారు. "ఎక్కు కారు. ఫోన్ నువ్వే చెయ్యాలి, పక్కన నేను కూర్చుంటా."

చేశాను. అవతల ఎత్తినాయన ఇంటిపేరు స్పెల్లింగ్ అడిగితే ఒక్కో అక్షరం రెండేసిసార్లు చెప్పాను. కానీ ఆయన చెరువు మ్యాప్ పంపమని, ప్రాణంతో తీసుకెళ్ళడం ఇక్కడ చట్టానికి విరుద్ధం, ఇంకెప్పుడూ చెయ్యొద్దని చెప్పి, వెంటనే చెప్పినందుకు రెండుసార్లు థాంక్స్ చెప్పారు. ఆ వారంలోనే శాఖ మనిషి ఒకరు వచ్చి చూసి, చెరువులో బుట్టలు వెయ్యడానికి అనుమతిచ్చారు. కారులో ఫోన్ పెట్టేశాక నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే, కస్తూరి గారు డాష్‌బోర్డులోంచి జంతికల పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టారు.

ఆ తర్వాతి సోమవారం మీటింగ్‌కి తల దించుకునే వెళ్ళాను. నా పేరు వస్తుందని తెలుసు. వచ్చింది కూడా.

"ఈ వారం తప్పు నాది," అన్నారు ఆవిడ. "సుమకి రూల్ చెప్పాను. ఎందుకో చెప్పలేదు."

అంతే. తర్వాత రిలీజ్ డేట్ గురించి మాట్లాడారు. ఆరోజు నాకు ఆవిడ మీద కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు. తప్పులో నా వాటా నాకు తెలుసు. అందులో సగం తన నెత్తిన పెట్టుకుని, మిగతా సగం నేను మొయ్యగలిగేలా చేశారు.

ఆ వేసవంతా ఆఫీసయ్యాక చెరువు చుట్టూ మా మకాం. పుణ్యం చేసిన మా ఆయనే బురదలోకి దిగి బుట్టలు వేసేవాడు. మిన్ను ఎర కట్టేది. మచ్చ లేనివాటిని నీళ్ళలోకి జారవిడిచే పనీ దానిదే. ఒక్కొక్కటే దొరికాయి. ఆగస్టు చివరికి పది. శనివారం దొరికినవాటికి కూడా కుండ ఒడ్డునే పెట్టాను, దేవుడికి సంగతి విడిగా చెప్పుకున్నాను. పదకొండోది మాత్రం దొరకలేదు. మరుసటేడూ దొరకలేదు. కస్తూరి గారు రిటైరై ఫ్రీమాంట్ వెళ్ళిపోయారు. వెళ్తూ బుట్టలూ, ఎర డబ్బా నాకిచ్చారు. మే నెల రాగానే ఫోన్ చేసి, బాగున్నావా అనైనా అడక్కుండా, దొరికిందా అంటారు.

ఎనిమిదేళ్ళయింది. క్రేఫిష్ అన్నేళ్ళు బతకదు. నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. అయినా ఈ పొద్దున ఆ డబ్బా తీసుకుని చెరువు దగ్గరికెళ్ళి, మొన్న కోడి మెడతో వేసిన బుట్ట లాగాం. చిన్నది ఒకటి పడింది. పద్నాలుగేళ్ళ మిన్ను దాన్ని నడుం దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నో స్పాట్స్, మమ్మీ. ఇది ఇక్కడిదే," అని నీళ్ళలోకి వదిలేసింది.

వెంటనే కస్తూరి గారికి ఫోన్ చేశాను. ఇన్నేళ్ళ తర్వాతా ఇక్కడివే పడుతున్నాయని, మచ్చ ఉన్నది ఒక్కటీ లేదని, ఆ పదకొండోది పిల్లల్ని పెట్టనట్టేనని గబగబా చెప్పాను. అవతల ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

"మంచిది. బుట్ట మాత్రం మళ్ళీ వెయ్యి," అన్నారు.

వేశాను, ఈసారి ఎండు సావిడాయతో. రేపు సోమవారం. ఇప్పుడా మీటింగ్ నడిపేది నేనే, మొదట చెప్పాల్సిందీ నేనే. రెండు వారాల కిందట కొత్తగా చేరిన అమ్మాయికి ఒక రూల్ చెప్పాను. ఎందుకో చెప్పలేదు.