గుర్రం రంగు మార్చిన సాయంత్రం

ఆ ఏడాది పందుల జ్వరం, అదే స్వైన్ ఫ్లూ, మా కథ మీదనే ఎందుకు పగబట్టిందో నాకు ఇప్పటికీ అనుమానమే. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మెట్ల మీద పిల్లలు తోసుకుంటూనే ఉన్నారు. మలక్‌పేట బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. అక్కడెక్కడా అంటుకోని రోగం, ఎల్బీనగర్ పక్క కాలనీ గుడిలో నేను కథ మొదలుపెట్టగానే అంటుకుంటుందట!

నేను ఒగ్గు కథ చెప్పేవాణ్ణి. బడి మొహం చూడలేదు. బస్సుల బోర్డులు, గోడల మీది రాతలు చూసి అక్షరాలు పట్టుకున్నాను. ఆ రోజుల్లో గోడల నిండా తెలంగాణ రాతలే. దేవుని కథ నడుమ ఒకచోట ఆగి, మన నీళ్లు, మన కొలువులు అంటూ నేనూ నాలుగు మాటలు పాడేవాణ్ణి. ఏటా కార్తీకంలో ఆ గుడిలో నా కథ ఉండేది. గుడి కమిటీ కార్యదర్శి కోస్తా నుంచి వచ్చి స్థిరపడినాయన. ఆ ఏడాది మూతికి మాస్కు పెట్టుకుని, దూరంగా నిలబడి చెప్పాడు.

"జనం గుమిగూడకూడదండి. మీరు లోపల గదిలో కూర్చుని మైకులో చెప్పేయండి. ఎవరిళ్లల్లో వాళ్లు వింటారు."

"మనిషి మొహం చూడకుంట కథ ఎట్ల చెప్పాలె సారూ?"

"రేడియోలో చెప్పట్లేదూ?" అంటూ మాస్కు వెనక నవ్వాడు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. మైకు పెట్టె ఉండేది గుడిలో ఆయన ఆఫీసు గదిలో. నా తెలంగాణ మాటలు రాగానే మైకు ఆపే మీట నొక్కేస్తే? తలుపులు మూసిన గదిలో, డోలు మోతలో, బయట లౌడ్‌స్పీకర్ పలుకుతోందో లేదో నాకెలా తెలుస్తుంది?

మా కథకు వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ తగ్గిందంటే జనానికి నిద్రయినా వచ్చి ఉండాలి, కోపమైనా వచ్చి ఉండాలి. ఆ గదిలో ఊ కొట్టేది డోలు వాయించే నా బామ్మర్ది ఒక్కడే.

మొదటి సాయంత్రం కథ ముగియగానే వాడన్నాడు, "బావా, నీకన్నీ అనుమానాలే. ఆయన మంచోడే."

"మీట నొక్కలేదని నువ్వు చూసినవా?"

"చూడలె."

"అయితె నోరు మూస్కో."

"మూసుకునే ఉన్న గదా, మాస్కు!"

బయటికొస్తే వీధి ఖాళీ. బాగుందన్నవాడు లేడు, బాలేదన్నవాడూ లేడు. నాకు ఒళ్లు మండింది. రావద్దంటే పోతాను. పిలిచి, పాడించి, నా మాట గోడలకే వినిపిస్తే ఎలా ఊరుకుంటాను?

మా గురువు నేర్పిన కిటుకు ఒకటుంది. జనం వింటున్నారో లేదో తెలియనప్పుడు, అందరికీ తెలిసిన ముక్క ఒకటి కావాలనే తప్పు చెప్పాలి. వినే ముసలమ్మ ఒక్కతి ఉన్నా ఊరుకోదు. మా కథలో దేవుడిది తెల్ల గుర్రం. మరునాడు, సరిగ్గా తెలంగాణ మాటల నడుమ, "మన నీళ్లు తేవడానికి నల్ల గుర్రమెక్కి వస్తున్నాడు" అని పాడాను. బామ్మర్ది చెయ్యి డోలు మీద ఆగిపోయింది. గుడ్లురిమి చూస్తే మళ్లీ వాయించాడు.

కథ ముగించి బయటికొచ్చాను. మళ్లీ ఖాళీ వీధి, గుర్రం సంగతి అడిగినవాడు లేడు. దొరికాడనుకుని, గుడి పక్కనే ఉన్న కార్యదర్శి ఇంటి గేటు ముందుకు పోయి నిలబడ్డాను. నోరు తెరిచేలోపే మేడ మీది నుంచి ఆయన తల్లి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కేకేసింది.

"ఏవండీ కథ చెప్పేవారూ! నిన్న తెల్ల గుర్రమన్నారు. ఇవాళ నల్లదెలా అయింది?"

"విన్నరా అమ్మా? మన నీళ్లు, మన కొలువులు... అది గూడ విన్నరా?"

"చెవులున్నాయిగా, వినక! అదేం నాకు నచ్చలేదు. అయినా గుర్రమేం చేసింది మిమ్మల్ని?"

ఎదురింటి కిటికీలోంచి, నల్లగొండ నుంచి వచ్చిన ఒకావిడ అందుకుంది. "గట్లడుగు పెద్దమ్మా! కథ జెప్పే ముసలాయనకు జరమొచ్చినట్టుంది, దవాఖానకు తోలుండ్రి!"

వరండాలో నిలబడిన కార్యదర్శి నన్ను కింది నుంచి పైకి చూశాడు.

"మైకు కట్టేశాననుకున్నారు కదూ?"

నేను గేటు వదిలి నడిచాను. అనుకోనా మరి? మనుషుల్ని ఇళ్లలో కూర్చోబెట్టి నన్ను గదిలో పెట్టింది ఆయనే కదా.

మర్నాడు గది తలుపు బార్లా తెరిపించి, గడప దగ్గర కూర్చున్నాను. గుర్రాన్ని మళ్లీ తెల్లగా చేసి కథ మొదలుపెట్టాను. మేడ మీది నుంచి పెద్దావిడ ఊ కొట్టింది. తెలంగాణ మాట రాగానే ఆ ఊ ఆగింది. ఎదురింటి నుంచి ఇంకోటి లేచింది, గట్టిగా. గుర్రం తిరిగి రాగానే మేడ మీది ఊ కూడా తిరిగొచ్చింది.

మీట ఎవరూ నొక్కలేదు. ఆ ఏడాదికైతే నొక్కలేదు.