ఆమె విప్పిన కట్లు

డాక్టరమ్మ పోయిందన్న కబురు మా ఊరికి ఆస్పత్రి బండి తోలే మనిషి మోసుకొచ్చాడు. నేను ఈ ఊరి బడిపంతుల్ని, మా వైపు మాటలో అయివార్ని; బడి వదిలి అప్పుడే ఇంటికి వచ్చాను. మా అరుగు మీద కూలబడి చెంబెడు నీళ్ళు తాగి, "జొరమప్పా, ఉత్త జొరమే. పట్టుమని వారం గూడా పండుకోలేదు" అన్నాడు. నేను కళ్ళు తుడుచుకునే లోపలే ఇంకో కబురు ఊరంతా చుట్టి వచ్చింది. "ఇన్నేండ్లు అందరి కట్లూ ఆమే ఇప్పె గదా. ఆ ఇసమంతా ఆమెకే ఎక్కినాది." ఆమె పోయిందన్న దుఃఖం ఒక ఎత్తు, ఆ రెండో మాట పుట్టించిన భయం ఒక ఎత్తు. పుట్టుకతోనే పిరికివాణ్ణి నేను. ఈ నాలుగు ముక్కలూ ఆ రెండింటి మధ్య కూర్చుని రాస్తున్నాను.

మా ప్రాంతం తెలియని పాఠకులకు ఈ కట్టు సంగతి చెప్పాలి. మా మెట్టపొలాల్లో పింజర పాములు ఎక్కువ. శెనక్కాయలు పెరికేవాళ్ళనీ, గనుల్లో నాపరాళ్ళు ఎత్తేవాళ్ళనీ ఏటా కరుస్తూనే ఉంటాయి. కరిచిన వెంటనే ఇంట్లోవాళ్ళు దేవుడికి మొక్కుకుంటూ కాటుకు పైన తాడు బిగించి కడతారు. కట్టినవాళ్ళే విప్పాలి, అదీ మంత్రగాడు సరేనన్నాక. కత్తెర పెడితే రోగి ఆయువు తెగుతుందని నమ్మకం. వేరేవాళ్ళు విప్పితే విషం వాళ్ళకు ఎక్కుతుందని ఇంకో నమ్మకం. ఈ విషయంలో హిందువులు, సాయిబులు, క్రైస్తవులు అన్న తేడా మా ఊళ్ళో లేదు. ఆదివారం చర్చిలో ముందు వరస వదలని మా అమ్మకు కూడా కట్టు దగ్గర మాత్రం మంత్రగాడే దిక్కు.

కొన్నేళ్ళ కిందట నా కూతుర్ని, మా పాపను పింజర కరిచింది శెనక్కాయల కాలంలోనే, మడమ పైన. అమ్మ చేతికందిన నులకతాడు తీసి మోకాలి కింద కట్టింది. ఎంత బిగించిందంటే తాడు మాంసంలోకి దిగిపోయి కంటికి కనబడలేదు. ఎండలో ఎద్దులబండి మీద ఆస్పత్రికి చేరేసరికి కాలు దుంగలా వాచింది. వేళ్ళు నల్లబడ్డాయి. పాదం ముట్టుకుంటే చల్లగా తగిలింది. ఆ చల్లదనం ఇప్పటికీ నా చేతికి తెలుస్తూ ఉంటుంది.

డాక్టరమ్మ పాప నాడి చూసి, తర్వాత మా అమ్మ వైపు తిరిగింది. "కట్టింది నువ్వేనా అవ్వా? ఇప్పుతావా?"

"మంత్రగాడు చెప్పల్ల తల్లీ. ఇప్పుడిప్పితే గుండెకెక్కుతాది."

"అయితే నేనిప్పుతా."

"వద్దు తల్లీ, నీకెక్కుతాది! నీకింకా పెండ్లి గూడా కాలేదు!"

డాక్టరమ్మకు అప్పటికే తల నెరిసింది. ఆ మాటకు నవ్వి, "ఎక్కనీలే" అని నేల మీద కూర్చుంది. కత్తెర పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. ఒకసారి ఆమె కత్తెర తీయగానే ఒక తండ్రి బిడ్డను భుజాన వేసుకుని పారిపోయాడట. ఆ బిడ్డ ఏమయిందో ఆమెకు ఎన్నటికీ తెలియలేదు. అప్పటినుంచీ ఎంత బిగిసిన ముడినైనా గోళ్ళతోనే విప్పేది. కాస్త వదులు చేయడం, ఆగడం, నాడి చూడడం, మళ్ళీ కాస్త వదులు చేయడం. విప్పిన తాడును వసారా గోడకున్న మేకుకు తగిలించింది. ఆ గోడ పొడుగునా అలాంటి తాళ్ళే వేలాడుతున్నాయి. వచ్చినవాళ్ళు ముందు ఆ తాళ్ళను చూసేవాళ్ళు, తర్వాత వాటి ముందు చకచకా తిరుగుతున్న ఆమెను చూసేవాళ్ళు. అంతకు మించి ఆమె ఎవరికీ ఉపన్యాసం చెప్పలేదు.

పెద్ద డాక్టరుగారు కాలు చూసి, ఈ రోజే మోకాలి పైన తీసెయ్యాలన్నారు. డాక్టరమ్మ మాత్రం ముందు కాలి మాంసం ఒక ముక్క తీసి చూస్తానంది. ఏళ్ళ తరబడి ఆమె పట్టుకుని కూర్చున్న ప్రశ్న అదే. పింజర కరిచిన చోట మాంసం చచ్చిపోతుంది, సరే. చంపుతున్నది విషమా, మన కట్టా? కుళ్ళిన వేలు తీసేసినప్పుడల్లా దాన్ని పారెయ్యకుండా అడిగి మరీ తీసుకునేది. "సచ్చినదాంట్లో ఏముండాదమ్మా చూసేదానికి?" అని ఆయా విసుక్కుంటే, "ఎట్ల సచ్చిందో ఉండాది" అనేది.

నల్లదనం అంచున చిన్న ముక్క తీసింది. దాన్ని స్పిరిట్‌లో నానబెట్టి, మైనంలో పొదిగి, పల్చగా కోసి, రంగు పట్టించి చూడాలి. ఒక్క పూటలో తేలే పని కాదు. అంతవరకూ పాప కాలి మీద నలుపు ఆగినచోట సిరాతో గీత గీసి, "ఇది దాటితే నన్ను పిలువు" అని నాకు చెప్పింది. ఇంక నేను ఆ గీతను చూస్తూ కూర్చున్నాను. రెప్ప వేస్తే దాటుతుందేమోనని భయం. దాటకపోయినా దాటినట్టే కనబడేది. పిలవడం, ఆమె పరుగున వచ్చి చూడడం, విసుక్కోకుండా వెళ్ళడం. ఉండబట్టలేక ఒకసారి అడిగేశాను. "కాలు తీసేస్తేనే మేలేమోనమ్మా. నీ లెక్క తప్పయితే?"

"తప్పయితే పాప పోతాది. నాకు తెలీదా అప్పా? నాకూ భయంగానే ఉండాది."

ధైర్యం చెబుతుందనుకుంటే ఆ మాట అంది. విచిత్రమేమిటంటే, ఆ పూట నాకు మొదటిసారి కాస్త కునుకు పట్టింది. భయం మోయడానికి ఇంకొకరున్నారనిపించింది.

చివరికి నన్ను లోపలికి పిలిచి సూక్ష్మదర్శినిలో చూపించింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పక్కన కాఫీ తొరక కట్టింది. నాకు గులాబీ రంగు మచ్చలు తప్ప ఏమీ తెలియలేదు.

"అవి కణాలు అయివారూ. మన ఒళ్ళంతా అవే. నెత్తురందక సచ్చినవి కరువుకు ఎండిన చేను మాదిరి ఉంటాయి. పైరు నిలబడే ఉంటాది, ప్రాణం ఉండదు. ఇసానికి సచ్చినవి వానకు కూలిన మట్టిమిద్దె. గోడ యాడ, దూలం యాడ, ఏమీ తెలీదు. పక్కింటిని గూడా నానబెట్టి కూలుస్తాది."

"మా పాపది ఏది?"

"కాటుకాడ మిద్దె కూలింది. వేళ్ళకాడ చేను ఎండింది. ఈ అంచున ఉండేటివి బతికుండాయి, చూడు. ఇంక పైకి పోదు. రెండు వేళ్ళు పోతాయి, కాలుంటాది."

నేను ఆ బల్ల పట్టుకుని ఏడ్చాను. ఆమె పట్టించుకోనట్టు సూక్ష్మదర్శిని అద్దం తుడుచుకుంటూ నిలబడింది.

తలుపు దగ్గర మా అమ్మ అంతా విన్నది. "అయితే వేండ్లు పోయింది నా కట్టుకేనా తల్లీ?" అంది. కాదని చెబితే ఎంత బాగుండునో అని నాకనిపించింది. డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "అవునవ్వా. భయపడి కట్టినావు. భయపడినోళ్ళు గట్టిగానే కడతారు. నీ చోట నేనున్నా అట్లే కట్టింటా." అమ్మ తన చేతులు చూసుకుంటూ గడప మీద కూర్చుంది.

ఆ తర్వాత ఆ వైపు వెళ్ళినప్పుడల్లా ఆమెను పలకరించి వచ్చేవాణ్ణి. చక్కెర జబ్బువాళ్ళ పాదాలు, మానని రాచపుండ్లు, ఏది దొరికినా అదే ప్రశ్న వేసేది. "మన ఒంట్లో దినామూ శానా కణాలు సస్తాంటాయి అప్పా, మనకు తెలీను గూడా తెలీదు. సద్దు లేకుండా పోతే అది జబ్బు గాదు. పక్కదాన్ని పట్టుకోని పోతేనే జబ్బు." మరి కట్టు వల్ల పోయేదెంత, విషం వల్ల పోయేదెంత అని అడిగితే, "సగం తెలుసు, సగం తెలీదు" అనేది. ఆ తెలియని సగం ఇంక ఎవరు చూస్తారో నాకు తెలియదు.

ఆమెను పూడ్చిన రోజు సమాధుల తోటకు చాలామందే వచ్చారు. నడవగలిగినవాళ్ళు నడిచి, కర్రల మీద కుంటుతూ కొందరు. తిరిగి వస్తూ ఆస్పత్రి వసారాలో ఆగాను. తాళ్ళు అలాగే ఉన్నాయి. వాటి పక్కనుంచి పోవడానికి జడిసి జనం ముంగిట్లోకి దిగి చుట్టూ తిరిగి పోతున్నారు. నిన్నటిదాకా వాళ్ళకు ధైర్యం చెప్పిన తాళ్ళే అవి.

ఇక కట్టు విప్పే ధైర్యం ఎవరికీ ఉండదని నేను భయపడినంతా కొద్ది రోజులకే జరిగింది. మా పక్కింటాయన గనిలో పనిచేస్తాడు. రాయి కింద చెయ్యి పెట్టాడు, పింజర వేలు పట్టింది. మధ్యాహ్నం మోసుకొచ్చి మా అరుగు మీద పడుకోబెట్టారు. భార్య మోచేతి కింద కట్టు కట్టింది. చెయ్యి నీలంగా మారుతోంది. వదులు చేసి ఆస్పత్రికి తీసుకుపొమ్మని అరిచాను. "అన్నీ తెలిసిన డాక్టరమ్మే పాయె. నేనిప్పను అయివారూ" అని ఆమె ఏడ్చింది. చుట్టూ ఉన్న నలుగురూ ఒక అడుగు వెనక్కి వేశారు. కరువు చేను, కూలిన మిద్దె, నాకు తెలిసిందంతా చెప్పాను. చెబుతూనే ఉన్నాను గాని నా చెయ్యి మాత్రం ముందుకు పోలేదు.

"పక్కకు జరగండప్పా" అంటూ లోపలినుంచి మా అమ్మ వచ్చింది. చూపు సరిగా ఆనదు. వేళ్ళతో తడిమి ముడి పట్టుకుంది. కాస్త వదులు చేసింది, ఆగింది, మణికట్టు పట్టుకుని చూసింది, మళ్ళీ కాస్త వదులు చేసింది. అచ్చంగా డాక్టరమ్మ చేసినట్టే. గుంపులోంచి ఎవరో, "అవ్వా, నీకెక్కుతాది!" అన్నారు.

"ఎక్కనీలే" అంది అమ్మ, తల ఎత్తకుండా.

ఆయన్ని ఆస్పత్రికి ఎక్కించుకున్న బండి కదిలాక నాతో, "గోడకొక మేకు కొట్రా" అంది.

ఆయన ప్రాణానికి భయం లేదన్నారు. వేలి సంగతి ఇంకా చెప్పలేదు. సూక్ష్మదర్శిని అద్దంలో చూసి చెప్పే మనిషి ఇప్పుడు ఆ ఆస్పత్రిలో లేదు. తాడు మా అరుగు గోడకు వేలాడుతోంది. పనులకు పోయేవాళ్ళు ముందు తాడును చూస్తారు, తర్వాత మా అమ్మను చూస్తారు. అమ్మ అందరికీ కనబడేట్టు దాని కిందే కూర్చుని శెనక్కాయలు ఒలుస్తుంది. సూక్ష్మదర్శినిలో కళ్ళు పెట్టి చూసినవాణ్ణి, పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి, నేను కూడా పొద్దున లేవగానే ఆమె లేచిందా అని అరుగు మీదికి తొంగి చూస్తున్నాను. ఈ రోజూ చూశాను.

"ఉండాను గదా. పో, పోయి బడి గంట కొట్టు" అంది. ఆమె తల వెనక తాడు గాలికి మెల్లగా కదులుతోంది.