కంటికి కొంగు అద్దే అవ్వ

మా పక్కింటి అవ్వ మొన్న పొద్దున పోయింది. బోధన్‌లో మా గల్లీవాళ్లకు ఆమె పేరు కూడా సరిగా తెలియదు. కంట్లో నలుసు పడితే పిల్లలంతా ఆమె దగ్గరికే ఉరికేవాళ్లు. కొంగు ఉండచుట్టి, నోటితో వెచ్చగా ఊది, కంటికి అద్దేది. "ఏడ్వకు బిడ్డా, పోయింది సూడు" అనేది. నిజంగానే పోయేది.

నేను బీడీలు చుడుతుంటే నా బిడ్డను ఎత్తుకుని తిరిగింది ఆమే. పిల్లకు నాలుగేళ్లప్పుడు తెల్లగుడ్డు మీద గులాబీ రంగులో చిన్న కండ లేచింది. నేను హడలిపోయాను. అవ్వ తన రెప్ప లాగి చూపించింది. ఎడపల్లి చెరుకు తోటల్లో ఎండకూ దుమ్ముకూ పనిచేసిన మనిషి. ఆమె కంట్లోనూ అలాంటిదే ఉంది.

"నాకు ఎన్నేండ్ల సందో ఉన్నది. నేను సూస్తలేనా? గింత దానికి పరేషాన్ ఎందుకే!"

నమ్మాను. నమ్మకుండా ఎలా ఉంటాను, మీరే చెప్పండి?

కండ నల్లగుడ్డు మీదికి పాకాక నిజామాబాద్ పోయాం. అక్కడి డాక్టర్లు హైదరాబాద్ పంపారు. అవ్వ కూడా వచ్చింది. ముక్క తీసి పరీక్ష చేయించిన డాక్టరమ్మ క్యాన్సర్ అని చెప్పింది.

"పిల్లల్లో చాలా అరుదమ్మా. చూడ్డానికి మామూలు కండలాగే ఉంటుంది. అందుకే పిల్లల కంట్లో ఏది లేచినా వెంటనే చూపించాలి."

అప్పటికే లోపలికి పాకింది. కన్ను తీసేశారు. పిల్ల దక్కింది. నేను కూలబడితే ఆసుపత్రిలో పిల్లను చూసుకున్నది అవ్వే. "నా ఏలుతోని నా కన్నే పొడుసుకుంటి" అని నెత్తి కొట్టుకుంది.

మళ్లీ ఎవరి కంటికీ కొంగు అద్దలేదు. పిల్లలొస్తే "దవాఖానకు పోండ్రి" అని తలుపు వేసేది. ఆమెను నేను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లమేమో. ఆమె మీద కోపం వచ్చేది, ఆమె వండి తెచ్చిపెట్టిన జొన్న గట్క తింటుంటే నా మీద నాకే రోత పుట్టేది.

ఈమధ్య ఒకరోజు నా బిడ్డ అద్దం ముందు ఏడుస్తుంటే అవ్వ ఒళ్లోకి లాక్కుంది. "నేను సచ్చినంక నా కన్ను నీకే పెడ్తరు బిడ్డా" అంది. తీసేసిన కంటి చోట ఇంకొకరి కన్ను పెట్టడం కుదరదని డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది. వాళ్లిద్దరి మొహాలు చూసి ఆ సంగతి దాచాను.

మొన్న అవ్వను వాకిట్లో పడుకోబెట్టారు. గల్లీ అంతా ఏడ్చింది. నా బిడ్డ ఏడవలేదు. లోపలికి పోయి, పండుగ గౌను వేసుకుని, చెప్పులు తొడుక్కుని వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, హైదరాబాద్ ఎప్పుడు పోతం?"