గుండె మీద పిడికిలి

అమెరికాలోని కమ్మింగ్‌లో స్కూలు బస్సు ఆగే మూల మీద ఏ పిల్లాణ్ణి అడిగినా కామిక్ పుస్తకాల సూపర్‌హీరో లైన్‌మన్ ఎలా నిలబడతాడో చేసి చూపిస్తాడు. కరెంటు స్తంభం మీదికి ఎగరబోయే ముందు లైన్‌మన్ కుడి చెయ్యి పిడికిలి బిగించి గుండెకి ఆనిస్తాడు. తల కొంచెం వంచుతాడు. ఒక్క క్షణం అలా ఆగి, ఆ తర్వాతే ఎగురుతాడు.

రేష్మకి ఆ తీరు పుస్తకం అచ్చు కాకముందు నుంచీ తెలుసు. లైన్‌మన్ ముఖం ఆమె భర్త అవినాష్‌ది.

బొమ్మ గీసినవాడు శ్రేయాస్. నల్గొండ నుంచి వచ్చి స్థిరపడిన దంపతుల కొడుకు, ఇక్కడే పుట్టి పెరిగాడు. తల్లిదండ్రుల ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని కామిక్ పుస్తకాలు గీసేవాడు. మనిషి ఎగిరినా దూకినా ఒళ్లు ఎలా మెలి తిరుగుతుందో ఊహించి గీస్తే అబద్ధంలా ఉంటుందని, ముందు ఫోటోలు తీసుకుని వాటిని చూసి గీయడం అతని పద్ధతి. డబ్బిచ్చి మోడల్‌ని పెట్టుకునే స్తోమత అప్పట్లో లేదు. ఆదివారాలు పార్కులో కలిసి క్రికెట్ ఆడే అవినాష్‌ని అడిగాడు. అవినాష్ సంబరపడిపోయాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం రేష్మ వాళ్ల వంటింట్లోనే అంతా జరిగింది. అవినాష్ రెయిన్‌కోటు తొడుక్కుని, గరాజ్‌లోని పనిముట్ల బెల్టు నడుముకి చుట్టుకుని, డైనింగ్ కుర్చీ ఎక్కి దూకాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ దూకాడు. శ్రేయాస్ ఫోటోలు తీశాడు. రేష్మ టేబుల్ ల్యాంపుకి పైనున్న గుడ్డ తీసేసి, వెలుగు ముఖం మీద పడేలా ఎత్తి పట్టుకుంది. కదలొద్దని మొగుడిని కసిరింది. అయిదేళ్ల నిధి కింద కూర్చుని జంతికలు తింటూ నాన్న దూకినప్పుడల్లా చప్పట్లు కొట్టింది.

ఆ నెల తిరక్కముందే అవినాష్ ఆఫీసు పార్కింగ్‌లో కారు తలుపు పట్టుకుని కూలిపోయాడు. ముప్పై తొమ్మిదేళ్లవాడు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగింది: "ఈ మధ్య ఛాతీలో నొప్పని గానీ ఆయాసమని గానీ అన్నాడా?"

"లేదు," అంది రేష్మ.

హైదరాబాదులో కూతురి దగ్గర ఉండే అత్తగారు శేషమ్మకి ఫోనులో అదే చెప్పింది. పలకరించడానికి వచ్చిన వాళ్లందరికీ అదే చెప్పింది. ఏ సూచనా లేదు, ఉంటే నాకు తెలియదా? ఆ 'లేదు' మీద కాళ్లు మోపుకునే ఆమె మళ్లీ లేచి నిలబడింది. గ్రీన్ కార్డు అప్పటికే వచ్చి ఉండబట్టి ఇక్కడ ఉండిపోగలిగింది. మెడికల్ అసిస్టెంట్ కోర్సు చదివి ఒక క్లినిక్‌లో చేరింది. డాక్టరు రాకముందు రోగిని కూర్చోబెట్టి బీపీ చూడటం, ఎక్కడ నొప్పో అడిగి రాయడం ఆమె పని. శేషమ్మ మాత్రం ప్రతి ఆదివారం ఫోనులో ఏదో ఒక మాట మధ్యలో అడిగేది.

"నొప్పని ఒక్కసారన్నా చెయ్యి పెట్టి చూపలేదా బిడ్డా?"

"లేదత్తయ్యా."

"మంచిగనే ఉండెనా?"

"బాగానే ఉన్నాడు."

మొదటి పుస్తకం అచ్చయ్యాక శ్రేయాస్ అది తెచ్చి ఆమె చేతిలో పెట్టి, వద్దంటే ముఖం మార్చేస్తానన్నాడు. నిధికి నాన్న గుర్తుంటాడని రేష్మ ఉండనిమ్మంది. పుస్తకం ఎంతమంది చదువుతారులే అనుకుంది. నాలుగేళ్లు తిరిగేసరికి అది యానిమేషన్ సిరీస్ అయింది, ఆ తర్వాత వీడియో గేమ్ అయింది. దుకాణంలో పాల డబ్బా కోసం వెళితే పిల్లల టిఫిన్ డబ్బాల మీద అవినాష్ కనిపించేవాడు. కిందటేడు పిల్లలు వేషాలేసుకుని మిఠాయిలకి ఇంటింటికీ తిరిగే హాలోవీన్ రోజున తలుపు తీస్తే గుమ్మంలో ముగ్గురు అవినాష్‌లు, నడుమెత్తు వాళ్లు, సంచులు చాపి నిలబడ్డారు. ఒకడు పిడికిలి గుండెకి ఆనించి తల వంచాడు. రేష్మ చాక్లెట్లు వేసి, తలుపు మూసి, లైటు ఆర్పేసింది. ఆ సాయంత్రం మళ్లీ ఎవరు బెల్ కొట్టినా తీయలేదు.

నిధికి ఇప్పుడు పదకొండేళ్లు. నాన్న గొంతు గుర్తులేదు. ఈత పోటీల్లో నీళ్లలోకి దూకబోయే ముందు మాత్రం పిడికిలి గుండెకి ఆనిస్తుంది.

ఆ శనివారం లైబ్రరీలో కామిక్ రచయితలతో ముఖాముఖి పెట్టారు. కాగితం మీది సూపర్‌హీరో తెర మీదికి, గేమ్‌లోకి వెళితే కథ ఎలా మారుతుందన్నది విషయం. శ్రేయాస్ వస్తున్నాడు. నిధి వారం నుంచీ వెళ్దామని పోరుతోంది.

"అమ్మా, అక్కడ క్వశ్చన్స్ అడగొచ్చా?" అంది కార్‌లో.

"ఏం అడుగుతావ్?"

"సీక్రెట్."

"శ్రేయాస్ అంకుల్ మనింటికి వస్తూనే ఉంటాడుగా. ఇంట్లో అడగొచ్చుగా."

"ఇంట్లో నువ్వు ఆయన నోట్లో ఇడ్లీ పెడతావ్. ఆన్సర్ ఎలా చేస్తాడు?"

రేష్మ నవ్వింది.

హాలు నిండిపోయింది. వెనక వరసలో రెండు కుర్చీలు దొరికాయి. వేదిక మీద శ్రేయాస్ పక్కన కరోలిన్ అనే ఆవిడ కూర్చుంది. గేమ్‌లో లైన్‌మన్ నడకా పరుగూ ఆవిడ చేతుల్లోనే తయారయ్యాయి. లైబ్రేరియన్ ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే ఇద్దరూ ఇంగ్లీషులో తీరిగ్గా మాట్లాడారు.

"కాగితం మీద బొమ్మకి టైమ్ ఉండదు," అన్నాడు శ్రేయాస్. "నేనొక పిడికిలి గీస్తే, అది ఎంతసేపు అక్కడుందో చదివేవాడి ఇష్టం. యానిమేషన్‌కి వెళ్లగానే, ఎన్ని సెకన్లు అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. గేమ్‌వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. దానివల్ల లాభమేంటి అన్నారు."

జనం నవ్వారు.

"లాభం లేకపోతే ఆటగాడు బటన్ ఎందుకు నొక్కుతాడు?" అంది కరోలిన్. "అందుకే శక్తి అయిపోవచ్చినప్పుడు నొక్కి పట్టుకుంటే మళ్లీ నిండేలా పెట్టాం."

ప్రశ్నల వంతు వచ్చింది. నిధి చెయ్యెత్తింది. మైకు చేతికి రాగానే గొంతు సవరించుకుంది.

"లైన్‌మన్ చెయ్యి ఇలా పెట్టుకోవడం ఎవరి ఐడియా? మీదా, మా డాడ్‌దా?"

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. శ్రేయాస్‌కి ఎవరు అడిగారో ముందే తెలిసింది. మంచినీళ్లు తాగి, సీసా మూత బిగించి పక్కన పెట్టాడు.

"ఈ ప్రశ్న అడిగిన ప్రతివాళ్లకీ ఒక్కో కట్టుకథ చెప్పాను," అన్నాడు. "నీకు చెప్పను. అది నా ఐడియా కాదు. నేను పైకి చూడమన్నాను, చెయ్యెత్తమన్నాను. అతను కుర్చీ ఎక్కినప్పుడల్లా చెయ్యి అక్కడికి వెళ్లేది. 'చెయ్యి తియ్యి, అన్నా' అంటే తీసేవాడు, కాసేపటికి మళ్లీ పెట్టేవాడు. నేను గీసేదానికన్నా ఇతను బాగా యాక్ట్ చేస్తున్నాడే అనుకున్నాను. ఉంచేశాను."

జనం మళ్లీ నవ్వి చప్పట్లు కొట్టారు. నిధి అందరికన్నా గట్టిగా కొట్టింది. రేష్మ చేతులు ఒళ్లో నుంచి లేవలేదు. ఆ చెయ్యి శ్రేయాస్ పెట్టించాడని ఆమె ఇన్నేళ్లూ అనుకుంటోంది.

కరోలిన్ మైకు దగ్గరికి జరిగింది. "ఇది నాకూ ఇప్పుడే తెలుస్తోంది. మా దగ్గర ఆ భంగిమ ఎంతసేపు ఉంచాలన్నది పెద్ద గొడవైంది. నేను మొదటి పుస్తకంలో బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. అతను దేనికో సిద్ధమవుతున్నట్టు నాకు అనిపించలేదు. ఏదో తగ్గేదాకా ఆగినట్టు ఉంది. అందుకే తగ్గడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఉంచాం."

తర్వాతి ప్రశ్న ఎవరో అడిగారు. జవాబూ చెప్పారు. రేష్మకి వినపడలేదు. ల్యాంపు వేడికి తన వేళ్లు కాలుతున్నట్టు ఉంది. అవినాష్ కుర్చీ మీద నిలబడి తల వంచుతున్నాడు. కదలొద్దు, అంటోంది తను. అతను కదలడం లేదు.

ముఖాముఖి అయ్యాక సంతకాల కోసం వరస కట్టారు. నిధికి స్నేహితురాలు ఆద్య కనిపిస్తే ఇద్దరూ కరోలిన్ దగ్గర వరసలో చేరారు. రేష్మ బయట వరండాలోకి వచ్చి మంచినీళ్ల కుళాయి పక్కన గోడకి ఆనుకుంది. కాసేపటికి శ్రేయాస్ తన వరస ఆపించి వచ్చాడు.

"వదినా, మీరు ఓకేనా?"

"ఆ చెయ్యి నువ్వు పెట్టించావనుకున్నాను."

శ్రేయాస్ నేల చూశాడు. "మీకు తెలుసు అనుకున్న నేను. మీరే కదా లైట్ పట్టుకున్నది. దగ్గర ఉన్నది మీరే."

"నేను వెలుగు సరిగ్గా పడుతోందా లేదా అని చూశాను."

"నేను ఫ్రేమ్ చూసిన."

లోపల ఎవరో పెద్దగా నవ్వారు.

"నీకెప్పుడు అర్థమైంది?" అంది రేష్మ.

"ఫ్యునెరల్ తర్వాత. సెకండ్ బుక్ గీస్తుంటే ఫోటో పెద్దది చేసిన. నుదురు మీద చెమట ఉంది వదినా, చాలా. ఆ రోజు కూడా చూసిన నేను. లైట్ హీట్ అనుకున్న. ఫస్ట్ బుక్‌కి పెన్సిల్ బొమ్మ మీద ఇంక్ చేసేటప్పుడు తీసేసిన."

"ఎందుకు తీసేశావ్?"

"హీరో ఊరికే నిల్చుంటే చెమట పట్టదు కదా." అతను కుళాయి నొక్కి, నీళ్లు తాగకుండానే వదిలేశాడు. "మీకు చెప్పాలని మస్తు సార్లు వచ్చిన. మీరు ప్లేట్ పెట్టేవారు. నిధి హోంవర్క్ తెచ్చేది. తిని పోయేటోణ్ణి."

"ఇవాళ చెప్పావుగా."

"నిధి అడిగింది. ఆ పిల్లకి లై చెప్పలేకపోయిన. సగమే చెప్పిన, అది కూడా జోక్ లాగ."

అతని మీద కోపం వస్తుందేమోనని రేష్మ చూసింది. రాలేదు. ఆ వంటింట్లో ముగ్గురు పెద్దవాళ్లున్నారు. ఆ ఇద్దరు చూసినంత శ్రద్ధగా మూడోవాణ్ణి పెళ్లినాడు కూడా ఎవరూ చూసి ఉండరు. ఆ మూడోవాడు ఇద్దరూ నవ్వుతున్నారని చెయ్యి తీసేసి మళ్లీ కుర్చీ ఎక్కాడు.

"ఇప్పుడు లైన్‌మన్ సినిమా తీస్తున్నోళ్లు కూడా అదే అడుగుతున్నరు," అన్నాడు శ్రేయాస్. "యాక్టర్‌కి రీజన్ కావాలంట. రీజన్ లేకుండా చెయ్యి పెట్టలేను అన్నడు. వాళ్లు రాసింది ఏంటంటే, చచ్చిపోయిన అమ్మకి ప్రామిస్ చేసిండు, అందుకే పెడతడు అని. నేను ఓకే చెప్పలేదు ఇంకా. మీరు వద్దంటే ఆ పోజ్ మొత్తం తీసేయమంట. ఆ రైట్ నాకుంది."

ఆ మాట నిన్న విని ఉంటే తీసేయమనేది. టిఫిన్ డబ్బాల మీదా, గుమ్మంలోనూ, బస్సు మూలమీదా ఆ చెయ్యి లేకుండా పోతే చాలనుకునేది.

"తియ్యొద్దు," అంది. "ప్రమాణం కూడా వద్దు. పక్కన ఎవరో ఒకరు ఉంటారుగా సినిమాలో?"

"ఉంటరు. లైన్‌మన్ సిస్టర్ ఉంటది."

"ఆ అమ్మాయి అడగాలి."

"ఏమని?"

"నొప్పిగా ఉందా, అని."

శ్రేయాస్ తలెత్తి ఆమె వంక చూశాడు. "అతను ఏమంటడు?"

"ఏం లేదంటాడు."

"మరి అప్పుడు?"

"అప్పుడా అమ్మాయి ఊరుకోకూడదు. అంతే. మిగతాది నువ్వు రాసుకో."

అతను తల ఊపాడు. ఇంకేదో అనబోయాడు గానీ లోపలినుంచి పిలుపు వచ్చింది. రేష్మే వెళ్లమని చెయ్యి ఊపింది.

నిధి చుట్టిన పోస్టరు చంకలో పెట్టుకుని వచ్చింది. తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

"అమ్మా, నేను అడిగింది రాంగా? అంకుల్ మ్యాడ్ అయ్యాడా?"

"లేదు. మంచి ప్రశ్నే అడిగావ్. అంకుల్ సగం చెప్పాడు. మిగతా సగం నేను చెప్తాను, రా."

లైబ్రరీ పక్కన పిల్లల కోసం వేసిన పొట్టి బెంచీ ఉంది. మోకాళ్లు ముడుచుకుని ఇద్దరూ కూర్చున్నారు. పార్కింగ్‌లో కార్లు ఒక్కొక్కటీ కదిలిపోతున్నాయి. క్లినిక్‌లో ఎదుటివాళ్ల నొప్పి గురించి రోజంతా అడగడమే తప్ప చెప్పే అవసరం రేష్మకి ఎప్పుడూ రాలేదు.

"నాన్న ఆ రోజు యాక్ట్ చెయ్యలేదమ్మా," అంది చివరికి. "నొప్పొచ్చింది. అందుకని చెయ్యి పెట్టుకున్నాడు."

నిధి పోస్టరుకి చుట్టిన రబ్బరు బ్యాండు లాగి వదిలింది. మళ్లీ లాగి పట్టుకుంది.

"నీకు తెలుసా అప్పుడు?"

"తెలీదు. ఎదురుగానే ఉన్నాను. అడగలేదు."

"నేను కూడా ఉన్నాను. క్లాప్స్ కొట్టాను. నువ్వు చెప్పావ్ కదా ఒకసారి."

"నీకు అయిదేళ్లు."

రేష్మ కూతురి వీపు మీద చెయ్యి వేసింది. స్విమ్మింగ్ వల్ల గట్టిపడిన చిన్న వీపు ఊపిరికి లేచి దిగుతోంది. ఏడుస్తుందనుకుంది గానీ, నిధి ఏడవలేదు. ముక్కు ఎగబీల్చి, అవతల రోడ్డు మీద లైటు ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారేదాకా చూస్తూ కూర్చుంది.

"రేపు సండే కదా," అంది. "నానమ్మ ఫోన్ చేస్తుంది. ఆమె అడుగుతుంది కదా ప్రతిసారి."

"అడుగుతుంది."

"ఏం చెప్తావ్?"

ఇన్నేళ్లూ నిధి మంచం మీంచే ఆ ఫోను మాటలు వింటోందని రేష్మ ఎరగదు.

"పెట్టుకున్నాడనే చెప్తాను."

"ఆమె ఏడుస్తుంది."

"ఏడుస్తుంది. నన్ను తిడుతుంది కూడా."

నిధి ఆలోచించింది. "నేను లేవకముందు చేస్తుంది ఆమె. నన్ను లేపు, ఓకే?"

"సరే," అంది రేష్మ. "నువ్వు లేచి నా పక్కన కూర్చున్నాకే ఫోన్ ఎత్తుతాను."