మార్తమ్మగారి లాగిన్

ఈ సంగతి మా ఆసుపత్రి యాజమాన్యానికి ఎన్నిసార్లు రాసిచ్చినా జవాబు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బ్లడ్‌బ్యాంకులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసేవాణ్ణి. పని నేర్పింది మా సీనియర్ మార్తమ్మగారు. కరెంటు పోయి నేను కంగారుపడితే ఆవిడ నవ్వేవారు.

"ఏం పోదండీ. ఇది ప్రతి మార్పూ ముందు చిత్తులో రాసుకుని, తర్వాతే అసలు రికార్డులో ఎక్కిస్తుంది. ఆ చిత్తునే లాగ్ అంటారు. కరెంటొచ్చాక అది చూసుకుని, పూర్తయిన పని నిలబెడుతుంది, సగంలో ఆగింది కొట్టేస్తుంది. మీకంటే నయం."

ఆవిడ జబ్బుచేసి పోయారు. లాగిన్ తీసేయమని మేనేజర్ చెబితే నా చేతులతోనే తీసేశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం, తుని నుంచి కాన్పుకు వచ్చినామె వివరాలు ఎక్కించాను. ల్యాబు చీటీలో బి పాజిటివ్ అని ఉంటే అదే కొట్టాను. కాసేపటికి కరెంటు పోయింది. జనరేటరు అందుకోక సర్వరు ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే ఎప్పటిలాగే లాగ్ చదువుకుని లేచింది.

రక్తం ఇవ్వబోతూ చూస్తే తెరమీద బి నెగెటివ్ అని ఉంది. చీటీకీ తెరకీ పొంతన లేక మళ్ళీ పరీక్ష చేయించారు. చీటీయే తప్పు. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్ళారు.

సంతోషించాల్సింది పోయి, రికార్డు మార్చిందెవరని నన్ను నిలదీశారు. సాఫ్ట్‌వేరు కంపెనీ మనిషి వచ్చి లాగ్ విప్పాడు. నేను కొట్టిన ఎంట్రీ ఉంది. దాని కింద ఈ దిద్దుబాటు, పూర్తయినట్టు గుర్తుతో సహా ఉంది. చేసినవారి పేరుండే చోట మార్తమ్మగారి లాగిన్. యూజర్ల జాబితాలో వెతికితే ఆ పేరు లేదు. ఈ మాటే కాగితం మీద రాసివ్వమని అతన్ని అడిగాను. "బస్సుకి టైమైందండీ" అని వెళ్ళిపోయాడు.

"మీరంతా ఒకళ్ళ లాగిన్లో ఒకళ్ళు కొట్టేవాళ్ళే కదయ్యా. పోయినావిడ పేరెందుకు వాడావు?" అన్నారు మేనేజర్.

మేం అలా చేసే మాట నిజమే. పొద్దున ఎవరు తెరిస్తే సాయంత్రం దాకా అందరం అందులోనే. కానీ లేని లాగిన్లోకి ఎలా వెళతాను? చీటీ తప్పని నాకెలా తెలుస్తుంది?

రికార్డులు దిద్దేవాడన్న పేరు పెట్టి నన్ను ఓపీ చీటీల కౌంటరుకి మార్చారు. ఆ పేరుతోనే పని మానేశాను.

ఇన్నేళ్ళు ఆలోచించి అలసిపోయాను. మార్తమ్మగారే చేశారని నేననడం లేదు. ఎవరు చేశారో నాకు తెలియదు. నేను కాదు, అంతే. ఆ లాగ్ నకలు సీడీలో ఎక్కించి ఆఫీసు బీరువాలో పెట్టడం చూశాను. యాజమాన్యం వారు ఇది చదివితే, ఆ సీడీ తెరవండి. ఆ దిద్దుబాటు నేను చేశానో లేదో ఒక్క ముక్క రాసి, సంతకం పెట్టి పంపండి.