చెయ్యెత్తినవాళ్ళకే మైకు

ఆ లైబ్రరీలో ప్రతి బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరో ఒక రచయితో, పాత సంగతులు తవ్వి తీసిన పెద్దమనిషో వచ్చి మాట్లాడతారు. టిక్కెట్టు లేదు, చందా లేదు. ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకుని తింటూ వినొచ్చు. ఎదురు బ్యాంకు క్యాషియరు వస్తాడు, పక్క సందులో దర్జీ వస్తాడు, కోర్టులో కేసు వాయిదా పడి ఏం చెయ్యాలో తోచనివాళ్ళు వస్తారు, కాసేపు ఫ్యాను కింద నడుం వాల్చుదామని వచ్చేవాళ్ళూ ఉంటారు. సాహిత్యం మీద ప్రేమతో వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు, లేరని ఎలా అంటాం?

ఈ తతంగమంతా నడిపించేది మైకక్క. ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గాని, జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ అది గుర్తులేదు. పుస్తకాలు సర్దే పనిలో చేరింది. ఒక బుధవారం మైకు చూసుకునే మనిషి రాకపోతే తను పట్టుకుంది, ఇక వదల్లేదు. ఆవిడ పద్ధతులు ఆవిడకున్నాయి. కుర్చీలన్నీ ముందే పరిచెయ్యదు. రెండు వరసలు వేసి, జనం వచ్చేకొద్దీ లోపల్నుంచి ఒక్కొక్కటే తెచ్చి వేస్తుంది. దాంతో మాట్లాడేవాళ్ళకి తమకోసం జనం విరగబడి వచ్చారన్న భ్రమ కలుగుతుంది. ఒక కవిగారు ఆ భ్రమలోనే పుస్తకం చివరి అట్టదాకా చదివేశారు.

ఇంకో పద్ధతి మైకుది. అది పొడుగాటి వైరున్న పాతకాలపు మైకు. ప్రసంగం అయ్యాక ప్రశ్నలుంటాయి. చెయ్యెత్తినవాళ్ళ దగ్గరికి ఆవిడే వైరు లాక్కుంటూ వెళ్ళి మైకు అందిస్తుంది, దారిలో ఉన్నవాళ్ళు కాళ్ళు పైకెత్తి దారిస్తారు. చెయ్యెత్తనివాళ్ళకి ఇవ్వదు, ఎత్తినవాళ్ళకి ఇవ్వకుండా ఉండదు. ఒకసారి లైబ్రరీ పెద్దసారు తనకి గిట్టని ప్లీడరుకి మైకు ఇవ్వొద్దని దూరం నుంచి కళ్ళతో ఎంత సైగ చేసినా ఆవిడ చూడనట్టే వెళ్ళి ఇచ్చేసింది. మనిషికో న్యాయం పెడితే రేపెవడూ చెయ్యెత్తడు సార్ అని తర్వాత సర్దిచెప్పింది.

ఇక ముందు వరసలో చివరి కుర్చీ మైకక్క వాళ్ళ నాన్నది. కూతురితో, అల్లుడితో కలిసే ఉంటాడు. బుధవారం వస్తే చాలు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, డబ్బా చేత్తో పట్టుకుని కూతురి కంటే ముందే బయల్దేరతాడు. తినడం అయ్యాక కళ్ళు మూసుకుంటాడు. కొత్తవాళ్ళు ముసలాయన నిద్రపోతున్నాడని నవ్వుకుంటారు. ఆయన మాత్రం ఇంటికెళ్ళాక రాత్రి అన్నాల దగ్గర ప్రసంగం మొత్తం పొల్లుపోకుండా అప్పజెబుతాడు.

అంతా బాగానే ఉంది, ఆ పుస్తకం వచ్చేదాకా.

రాసినావిడ రిటైరైన చరిత్ర టీచరు. ఊరికొచ్చిన పాత వరద గురించి రాసింది. ఎగువన ఆనకట్ట తెగి, ఒక మధ్యాహ్నం భోజనాల తర్వాత నీళ్ళు వచ్చి కాలవ పక్క పేటని ఊడ్చుకుపోయాయి. వచ్చే బుధవారం ప్రసంగం ఆవిడదే. పరిచయం చెయ్యాలి గనక మైకక్క అలవాటు ప్రకారం పుస్తకం ముందే చదవడానికి కూర్చుంది. సగం దాకా బాగానే సాగింది. సగం దాటాక ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. వరదొస్తే ఊరిని హెచ్చరించే మిల్లు మీది సైరన్ మోగవలసిన వేళకి మోగలేదనీ, దాని దగ్గరున్న మనిషి తిని నిద్రపోయాడనీ, మోగుంటే చాలామంది మిద్దెలెక్కి బతికేవారనీ అక్కడ రాసుంది. మనిషి పేరు లేదు.

పేరు మైకక్కకి తెలుసు. ఆ మనిషి వాళ్ళ నాన్నే. సెలవు పెట్టిన ఇంకొకరికి బదులుగా ఆ వారం రోజులూ ఆయన సైరన్ గదిలో కూర్చున్నాడు. ఊళ్ళో చాలామందికి ఆ సంగతి తెలియదు. వరద తర్వాత వాళ్ళు పేట మారిపోయారు, ఆయన వేరేచోట వాచ్‌మన్‌గా చేరాడు. అమ్మ పోయే ముందు ఒకసారి కూతురితో అన్నది. ఆ గదిలో ఉన్నది మీ నాన్నేనే, నిద్రపోయాడంటారు, ఎప్పుడూ అడక్కు అని. మైకక్క అడగలేదు. నమ్మనూ లేదు. అర్ధరాత్రి కుళాయి చుక్క పడితే లేచి కూర్చునే మనిషి పట్టపగలు డ్యూటీలో నిద్రపోయాడంటే ఆవిడకి మింగుడు పడదు.

అది సరే, ఇప్పుడు ఆయన ముందు వరసలో కూర్చుని, అందరి మధ్యా, నీ వల్ల జనం పోయారన్న మాట వినాలి. ఆ వయసులో ఆ మాట విని ఆయన ఏమైపోతాడు? ఈ ఆలోచనతో ఆవిడకి ఆ వారమంతా తిండి సయించలేదు. పుస్తకాలు ఒక బీరువాలోవి ఇంకో బీరువాలో సర్దేసింది. కథల మధ్య పశువైద్యం దొరికిందని ఎవరో వచ్చి చెప్పిపోయారు.

వైరింగు పనిచేసే మొగుడు ఊరికే బుర్ర పాడుచేసుకోకని ముందు కసిరాడు. తర్వాత పెళ్ళాం ముఖం చూసి జాలిపడి, ఆ బుధవారం మామయ్యని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. నెల్లాళ్ళుగా పన్ను సలుపుతోందని గోలపెడుతున్న పెద్దాయన ఆ మాట వినగానే పన్ను శుభ్రంగా ఉందన్నాడు. ఈసారి ప్రసంగం లేదు నాన్నా అని మైకక్క అబద్ధమాడింది. లైబ్రరీ గేటుకి కట్టిన బ్యానరు చూసే వస్తున్నాను, వరద గురించటగా అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో తేడా ఏమీ కనపడలేదు. దాంతో ఆవిడకి ఇంకా భయం వేసింది.

బుధవారం రానే వచ్చింది. కుర్చీలు తెచ్చి వేసేకొద్దీ చాలడం లేదు. వరదంటే ఊళ్ళో ప్రతి ఇంటికీ ఏదో ఒకటుంటుంది మరి. మైకక్క మంచినీళ్ళ గ్లాసు అందించే నెపంతో రచయిత్రి కూర్చున్న పక్కగదిలోకి వెళ్ళి, సైరన్ పేజీ దాటెయ్యమని బతిమాలింది. ఎందుకని అడిగింది రచయిత్రి. ఆ మనిషి తాలూకు వాళ్ళు హాల్లో ఉన్నారు, గుండె జబ్బు మనిషి, వింటే ప్రాణం మీదకొస్తుందన్నది మైకక్క. నోటికి ఆ క్షణాన ఏది వస్తే అది. రచయిత్రి ఆవిడ ముఖంలోకి కాసేపు చూసి, సరేనమ్మా, దాటేస్తానన్నది.

చెప్పినట్టే దాటేసింది కూడా. ఆనకట్ట ఎలా తెగిందో చెప్పింది, నీళ్ళు ఏ వీధిలో ఎంత ఎత్తున పారాయో చెప్పింది, బడి మిద్దె మీద తలదాచుకున్నవాళ్ళ గురించి చెప్పింది. ఒక్క డబ్బా మూత చప్పుడు లేదు. గోడవారగా నిలబడ్డ మైకక్క రచయిత్రి నోటివంకే చూస్తోంది. నాన్న కళ్ళు మూసుకోలేదు. డబ్బా కూడా తెరవలేదు. ప్రసంగం అయిపోయి చప్పట్లు మోగాయి. మైకక్క గండం గడిచిందనుకుంది.

అప్పుడు వెనక వరసలో దర్జీ చెయ్యెత్తాడు.

మైకక్క ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టేది అతనే. ఏళ్ళ తరబడి నాన్న భుజాలకి కొలతలు తీసిన మనిషి. మైకక్క వైరు లాక్కుంటూ వెళ్ళి మైకు ఇచ్చింది.

"మేడమ్, మీ పుస్తకం నేను చదివాను. అందులో సైరన్ గురించి ఉంది, ఇవాళ ఆ ఊసే ఎత్తలేదు," అన్నాడు దర్జీ. "ఆ పూట మా అమ్మ కాలవ రేవులో బట్టలుతుకుతోంది. సైరన్ మోగుంటే గట్టెక్కేసేది. వాడెవడో నాకు తెలియాలి. ఏమీ చెయ్యనులెండి, ఈ వయసులో ఏం చేస్తాను? తెలియాలి, అంతే."

మాట అయ్యాక మైకు మళ్ళీ మైకక్క చేతికిచ్చాడు. రచయిత్రి ఇబ్బందిగా కదిలింది. ఆ సంగతి దాటెయ్యమని ఒకరు అడిగారనీ, మనిషి పేరు తనకీ తెలియదనీ, ఎవరినడిగినా నిద్రపోయాడనే చెప్పారు గనక అదే రాశాననీ అన్నది. అంటూ అంటూ, పాపం కావాలని కాదుగాని, మైకక్కవైపు చూసింది. హాలంతా అటే తిరిగింది. మైకక్కకి ఒళ్ళు మండిపోయింది. భయం, కోపం, వారం రోజుల తిండిలేని నీరసం అన్నీ ఒక్కసారి నోట్లోకి వచ్చాయి. చేతిలో మైకు ఉందన్న ధ్యాస కూడా లేదు.

"చూసినవాళ్ళెవరండీ? ఎవరో అంటే రాసెయ్యడమేనా? మా నాన్న డ్యూటీలో నిద్రపోయే మనిషి కాదు!"

ఆ మాట నాలుగు మూలలా ఉన్న స్పీకర్లలోంచి గణగణమని మోగింది. మోగాక గాని తనేం అన్నదో ఆవిడకి తెలియలేదు. ఇన్నేళ్ళూ ఊళ్ళో చాలామందికి తెలియని పేరుని, వారమంతా తను గుండెల్లో దాచుకుని తిరిగినదాన్ని, తన నోటితోనే, అదీ మైకులో చెప్పేసింది. దర్జీ తల తిప్పి ముందు వరస చివరి కుర్చీ వంక చూశాడు.

ఆ కుర్చీలోంచి నాన్న చెయ్యెత్తాడు.

మైకక్క కదల్లేదు. ఇవ్వకూడదనుకుంది. మైకు కట్టేసి, టైమైపోయిందని చెప్పి, ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోదామనుకుంది. ఆయన ఎత్తిన చెయ్యి దించలేదు. బడిలో పిల్లాడిలా అలాగే కూర్చున్నాడు. దారిలో ఉన్నవాళ్ళు ఆవిడ అడక్కుండానే కాళ్ళు పైకెత్తారు. వెళ్ళక తప్పలేదు. ఆయన లేచి నిలబడి రెండు చేతులతో మైకు పట్టుకున్నాడు.

"నిద్రపోలేదండీ," అన్నాడు. "మా అమ్మాయికి తెలియదు, దాన్నేమీ అనకండి. పైనుంచి ఫోనొచ్చింది, కట్ట తెగింది, సైరన్ కొట్టమన్నారు. మీట మీద చెయ్యి కూడా వేశాను. మా ఇల్లు కాలవ గట్టునే. పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది జ్వరంతో. పనికెళ్ళకపోతే గడవదు, వాళ్ళమ్మా నేనూ దాన్ని పడుకోబెట్టి బయట తాళం పెట్టి వచ్చాం. తాళంచెవి నా జేబులో ఉంది. సైరన్ కొడితే ఊరంతా రోడ్డు మీదకొస్తుంది, ఆ జనంలో నేను ఇంటికి చేరలేననుకున్నాను. చెయ్యి తీసేసి పరిగెత్తాను. పిల్లని పక్క మిద్దింటివాళ్ళ చేతుల్లో పెట్టి, తిరిగొచ్చి కొట్టాను. అప్పటికే నీళ్ళొచ్చేశాయి."

మైకులో ఆయన ఊపిరి వినపడుతోంది.

"తిని పడుకున్నాడన్నారు. ఆ మాటే మేలనుకున్నాను. నిద్రపోయినవాణ్ణయితే తిట్టి ఊరుకుంటారు. నిజం చెబితే ఈ పిల్ల ఎదురైనప్పుడల్లా, ఇది బతికింది, మావాళ్ళు పోయారని అనుకోరూ? వాళ్ళమ్మకి కూడా చెప్పలేదు, నీళ్ళ చప్పుడుకి మెలకువొచ్చి పరిగెత్తి పిల్లని తీశానన్నాను. ఇవాళ ఇది నాకోసం చదువుకున్నావిడతో దెబ్బలాటకి దిగింది. ఇంక దాచలేను."

మైకక్క చేతిలో వైరు జారిపోయింది. నాన్నకి తలవంపులు రాకూడదని తను వారం రోజులు నానా అగచాట్లూ పడింది. తనకి ఆ చూపులు తగలకూడదని ఆయన బతుకంతా నిద్రమొహం వాడన్న మాట మోశాడు. ఆవిడకి నాన్న మీద పట్టరాని ప్రేమ వచ్చింది. ఆ వెంటనే, కాలవ రేవులో బట్టలుతుకుతున్న ఆ తల్లి కళ్ళముందుకొచ్చి, తను నిలబడ్డ చోట నిలబడ్డానికే సిగ్గేసింది.

దర్జీ లేచాడు. చెయ్యెత్తలేదు, మైకు కోసం చూడలేదు. వరసల మధ్య నుంచి నడిచి వచ్చి నాన్న ఎదురుగా ఆగాడు. పెద్దసారు కంగారుగా రెండడుగులు ముందుకేశాడు. దర్జీ ఎవరినీ పట్టించుకోలేదు. నాన్నని, తర్వాత మైకక్కని చూశాడు. ఆవిడ తల పైకెత్తలేకపోయింది.

"ఆ పిల్ల ఈవిడేనా?"

నాన్న తలూపాడు.

"జ్వరం తగ్గిందా మరి?" అన్నాడు దర్జీ.

"తగ్గింది," అన్నాడు నాన్న. "మర్నాడు పొద్దున్నే అన్నం అడిగింది."

దర్జీ సరేనన్నట్టు తలాడించి, పక్కనే ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నాన్న మైకు కింద పెట్టి అతని పక్కన కూర్చున్నాడు. మైకక్కకి మాత్రం ఇద్దరిలో ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియలేదు.